ఇరుగుపొరుగు కప్పు

ఏప్రిల్ 27, ఆదివారం

అమెరికాలో, మా ఆష్‌బర్న్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్లినా గుమ్మంలో చెప్పులు విప్పాలి, లోపల ఉద్యోగం గురించి చెప్పాలి. మొదటిది చేశాను. రెండోది జనవరిలోనే పోయింది.

నాగమల్లేశ్వరి ఆంటీ గారెల పళ్లెం పట్టుకుని నా ముందు ఆగింది. "ఏం చేస్తున్నావమ్మా ఇప్పుడు?" సోఫాల్లో ఉన్న ఆడవాళ్లందరి దవడలూ ఒక్కసారి నిలిచిపోయాయి. అప్లికేషన్లు పెడుతున్నానని నాలుగు నెలలుగా చెబుతున్నాను. ఆ మాట నా నోట్లోనే పాచిపోయింది.

ఆ క్షణంలో ఆంటీ భర్త రాజారావు అంకుల్ గరిటెతో గ్లాసు మీద టింగుమని కొట్టాడు. ఆయన ఇక్కడి మన తెలుగు సంఘానికి ప్రెసిడెంటు, ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు కూడా సభను ఉద్దేశించే మాట్లాడతాడు. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడి మగవాళ్లు ఆడుతున్న ఫుట్‌బాల్ టోర్నీ, ఇరుగుపొరుగు కప్పు ఉంది కదా, ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, ఎవరి దేశం తరఫున వాళ్లు. ఈ ఏడాది మొట్టమొదటిసారి ఆడవాళ్లకి కూడా పెడుతున్నారట. చరిత్రాత్మకం అనే మాట మూడుసార్లు వాడాడు. మిగతా మూడు దేశాలూ టీములు రెడీ చేసుకున్నాయట, మనకి ఇంకా గోల్‌కీపర్ దొరకలేదట.

"మా రాగిణి ఉందిగా!" అంది శశికళ వదిన. "కాలేజీ టీమ్ జాకెట్ కూడా ఉంది. ఏం ఆడేదానివే నువ్వు?"

"గోల్‌కీపర్‌ని," అన్నాను.

ఫణి అన్నయ్య గారె నోటి దాకా తీసుకెళ్లి ఆగాడు. నావైపు చూశాడు. గారెని చట్నీలో ఇంకోసారి ముంచి తిన్నాడు.

ఇంటికొచ్చాక, వదిన లోపలికి వెళ్లాక, గరాజ్‌లో పట్టుకున్నాడు. "నువ్వు టీమ్ మేనేజర్‌వి కదే. నీళ్ల సీసాలు నింపేదానివి."

"బంతుల్లో గాలి కూడా నేనే కొట్టేదాన్ని."

"చెప్పేస్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఫైనల్ అయ్యాక చెప్తాను."

"అబ్బో, ఫైనల్ దాకా వెళ్తారా?"

నాలుగేళ్లు ఆ టీమ్‌తో ఉన్నాను. మిషిగన్ చలిలో ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. జాకెట్ నిజమైనదే. అబద్ధం అనేది కొంచెం పెద్ద మాట.

ఏప్రిల్ 30

గ్లోవ్స్ వచ్చాయి. వేసుకుని ఫోన్ ఎత్తలేకపోయాను. రిక్రూటర్ ఫోన్. పోయింది.

మే 3, శనివారం

మొదటి ప్రాక్టీస్. పార్కు వెనక డేటా సెంటర్లు వరసగా, కిటికీలు లేని గోడలు, రోజంతా ఒకే శ్రుతిలో హోరు. ఆ హోరు ముందు భారత జాతీయ జట్టు తొమ్మిదిమందిమి నిలబడ్డాం, ఏడుగురు ఆడేవాళ్లు, ఇద్దరు ఎక్స్‌ట్రా. ఆరుగురు తెలుగువాళ్లం, ఇద్దరు మలయాళీలు, ఒక బెంగాలీ. మలయాళీలకీ బెంగాలీకీ ఫుట్‌బాల్ వచ్చు. మాకు రంగు రంగుల వాటర్ బాటిళ్లు ఉన్నాయి. వదినని కెప్టెన్ చేశారు, వాట్సాప్ గ్రూపు తనే మొదలుపెట్టింది కనక.

కోచ్ ఆంజనేయప్రసాద్ అంకుల్. సికింద్రాబాద్‌లో బ్యాంకు టీమ్‌కి పన్నెండేళ్లు లెఫ్ట్ వింగ్ ఆడాడు. అరవై తొమ్మిదేళ్లు, తెల్ల కాన్వాస్ బూట్లు, మెడలో విజిల్.

"గోల్‌కీపర్ ఎవరు బిడ్డా?"

"నేనే అంకుల్."

"అమెరికా కాలేజీల ఆడినవంట గద. మంచిగైంది. ఇగ నాకు గోల్ దిక్కు సూసే పని లేదు."

మాట మీద నిలబడే మనిషి. గంటన్నరలో ఒక్కసారి కూడా గోల్ దిక్కు చూడలేదు. మావాళ్ల కిక్‌లు కూడా గోల్ దాకా రాలేదు. నిధి కిక్‌లు తప్ప. పంతొమ్మిదేళ్ల పిల్ల, ఇక్కడే పుట్టింది, హైస్కూల్లో ఆడింది. దాని మొదటి కిక్ నా చెవి పక్కనుంచి వెళ్లి నెట్‌లో పడ్డాక నాకు చప్పుడు వినబడింది.

"కావాలనే వదిలాను, నీ యాంగిల్ చూద్దామని," అన్నాను.

"ఓ, ఓకే. నెక్స్ట్ టైమ్ ఆపు, అక్కా?"

వదినని మాత్రం ఆంటీ అని పిలుస్తోంది. వదినకి అదొక్కటే బాధ.

మే 10, శనివారం

కొత్త పిల్ల వచ్చింది. మనీషా, అనంతపురం. పక్క ఊరు షాంటిలీ నుంచి డ్రైవ్ చేసుకుని వస్తుంది, డేటా సెంటర్‌లో షిఫ్టులు. తక్కువ మాట్లాడుతుంది. అందరినీ అక్కా అంటుంది, మీరు అంటుంది.

నీళ్లు తాగేటప్పుడు ఎవరో ఆమెకి వెనకనుంచి బంతి విసిరారు. చూడకుండానే తిరిగింది. రెండు చేతులూ ముందుకి వచ్చాయి, బొటనవేళ్లు దగ్గరగా, బంతిని పొట్టలోకి లాక్కుంది. ఊపిరి తీసుకున్నంత మామూలుగా. నాలుగేళ్లు బెంచీ మీద కూర్చుని నేను చూసింది సరిగ్గా అదే. నా చేతులకి ఎప్పుడూ రానిది కూడా.

"నువ్వు కీపర్‌వి కదూ?" అని పక్కకి పిలిచి అడిగాను.

సిగ్గుపడింది. "స్కూల్లో, ఇంటర్‌లో ఆడితినక్కా. స్టేట్ అండర్-సెవెంటీన్. పదేండ్లాయె. మీరుండగా నేనెందుకు, వెనకాల డిఫెన్స్ ఆడతాలే."

అప్పుడే కోచ్ అంకుల్‌కి చెప్పాల్సింది. ఆయన కోన్లు పెడుతున్నాడు. వంగి ఉన్నాడు. నడుం నొప్పి మనిషిని వంగి ఉన్నప్పుడు కదిలించడం మంచిది కాదు.

మే 11

ఆయన కోన్లు పెట్టడం అయిపోయాక కూడా అరగంట ఉంది. రాసుకోవడానికి కాకపోతే ఈ పుస్తకం ఎందుకు.

మే 15

ఒక ఇంటర్వ్యూలో, "టీమ్‌లో మీరు నడిపించిన ఒక సందర్భం చెప్పండి," అని అడిగారు. ఇండియా టీమ్ గోల్‌కీపర్‌ని అని చెప్పబోయి ఆగాను. ఆగినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. రెండో రౌండుకి పిలవలేదు.

మే 24, శనివారం

మనీషా డిఫెన్స్‌లో నా ముందు నిలబడుతుంది. నా దగ్గరికి రావాల్సిన బంతులు సగం ఆమెకే తగులుతున్నాయి. దీన్ని టీమ్‌వర్క్ అంటారు.

మే 31, శనివారం

శ్రీలంకతో మ్యాచ్. నాలుగు-ఒకటి. ఒకటి మనది.

పదకొండింటికి ఆట. పదింటికే నాగమల్లేశ్వరి ఆంటీ వ్యాన్ వచ్చి ఆగింది. పులిహోర రెండు ట్రేలు, మిరపకాయ బజ్జీలు, దద్దోజనం, బొబ్బట్లు. "ఖాళీ కడుపుతో ఆడపిల్లల్ని ఎండలో పరిగెత్తిస్తారా, మనుషులేనా మీరు?" అని కోచ్ అంకుల్ మీదికి వెళ్లింది. ఆయన విజిల్ ఊదాడు. ఆయన చేతిలో కూడా ప్లేటు పెట్టేసింది. విజిల్ నోట్లోంచి తీస్తే తప్ప తినలేడు, తీశాడు.

వదిన మూడు బొబ్బట్లు తింది. పదిహేనో నిమిషంలో సెంటర్ లైన్ దగ్గర రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, "నన్నిక్కడే వదిలేసి మీరు వెళ్లండి," అంది. శ్రీలంక వాళ్లు తలా ఒక అరటిపండు తిని వచ్చారు. జింకల్లా ఉన్నారు.

నాలుగు గోల్స్. మొదటిది ఎండ కళ్లల్లో పడడం వల్ల. రెండోదానికి నేను ఎటు దూకాలో అటే దూకాను, బంతి ఇంకోవైపు వెళ్లింది. మూడూ నాలుగూ పులిహోర.

కోచ్ అంకుల్ తీర్పు చెప్పాడు, "మల్లేశ్వరమ్మా, మల్ల గిట్ల మ్యాచ్ ముంగట మా పోరిల్లకి తినవెడితే నేను హైద్రాబాద్ పోత."

నా గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. "అయిదోది కూడా పడేదే, నువ్వుండబట్టి ఆగింది," అంది ఆంటీ. అయిదోది స్తంభానికి తగిలింది.

జూన్ 1

ఎండ కళ్లల్లో పడలేదు. సూర్యుడు నా వెనక ఉన్నాడు.

జూన్ 7, శనివారం

బంగ్లాదేశ్ మీద గెలిచాం! రెండు-ఒకటి!

ఎలా గెలిచామో రాసుకోవాలి. ఆంటీ మళ్లీ వ్యాన్ నిండా తెచ్చింది. "మీకు కాదులే, అయ్యాక తిందురు," అంది. కానీ వేడి వేడి బజ్జీలు వ్యాన్‌లో పెట్టుకుని ఊరికే కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. గ్రౌండ్‌కి అవతల బంగ్లాదేశ్ టీమ్ నీడలో కూర్చుని ఉంది. పాపం చిక్కిపోయి ఉన్నారు అంటూ ట్రేలు అటు మోసింది. వాళ్లు మొహమాటపడ్డారు. మొహమాటం అంటే మనవాళ్లకి ఇంకా పెట్టమని అర్థం. ఆవిడ దగ్గర నిలబడి కొసరి కొసరి వడ్డించింది. వాళ్ల కెప్టెన్ తల్లి వచ్చి గోంగూర ఎలా చేస్తారో రాసుకుంది కూడా.

"ఏందమ్మా నువ్వు చేసింది?" అన్నాడు కోచ్ అంకుల్, నవ్వు ఆపుకుంటూ.

"ఏం చేశాను? ఎండలో పిల్లలు! ఎవరి పిల్లలైతేనేం?" అంది ఆంటీ. ఆవిడకి నిజంగానే ఏమీ తెలియదు.

నిధి రెండు గోల్స్ కొట్టింది. చివరి నిమిషంలో వాళ్ల అమ్మాయి ఒంటరిగా నా మీదికి వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. బంతి నా మోకాలికి తగిలి బయటికి వెళ్లింది. అందరూ వచ్చి నా మీద పడ్డారు. మనీషా నా వీపు తట్టి, "బాగా కట్ చేస్తిరి అక్కా యాంగిల్‌ని," అంది. ఏడిపించడానికి కాదు, నిజంగానే అంది. నమ్మింది. అందుకే ఇంటికొచ్చి గంటసేపు స్నానం చేశాను.

అన్నయ్య భోజనాల దగ్గర, "గోల్‌కీపర్‌ గారూ, పప్పు వేసుకోండి," అన్నాడు. వదిన, "అదేంటి, ఎక్కిరిస్తావ్? నువ్వెప్పుడైనా గ్రౌండ్‌లో దిగావా?" అంది. అన్నయ్య మొహం చూడాల్సింది.

జూన్ 14, శనివారం

నేపాల్‌తో ఒకటి-ఒకటి. నేపాల్ కెప్టెన్ ప్రకృతి గురుంగ్ నర్సు, ఆస్పత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చి ఆడింది. తన పాస్‌లు చూస్తుంటే గోల్‌లో ఉన్నానని మర్చిపోయి మెచ్చుకున్నాను. ఆ గోల్ అప్పుడే పడింది.

శ్రీలంక తక్కిన ఇద్దరి చేతుల్లోనూ ఓడిపోయింది. లెక్క తేలాక చూస్తే మొదట నేపాల్, తరవాత మేము. ఫైనల్‌కి వెళ్లాం.

ఫైనల్ అయ్యాక చెప్తానని అన్నయ్యతో అన్నది ఫైనల్ రాదనే ధైర్యంతో.

జూన్ 18, బుధవారం

కనీసం ఇక్కడైనా రాస్తాను. కాలేజీలో ఒక్క నిమిషం కూడా ఆడలేదు. ఒక్క నిమిషం కూడా. ప్రతి ఏడూ టీమ్ సెలెక్షన్ ట్రైఅవుట్‌కి వెళ్లాను, ప్రతి ఏడూ ఆ కోచ్ ఎంతో ప్రేమగా, "నువ్వు లేకపోతే మా టీమ్ నడవదు, మేనేజర్‌గా ఉండు," అంది. ఉన్నాను. అందరితో పాటు ఫోటో దిగాను. నాకు గోల్‌లో నిలబడాలని ఉండేది. ఇప్పుడు నిలబడ్డాను, మనీషా నిలబడాల్సిన చోట. కప్పు పోతే నా వల్లే పోతుంది, ఎందుకు పోయిందో నాకొక్కదానికే తెలుస్తుంది.

శుక్రవారం ప్రాక్టీస్‌లో చెప్పేస్తాను.

జూన్ 20, శుక్రవారం

ప్రాక్టీస్‌కి కొత్త జెర్సీలు వచ్చాయి. నా వీపు మీద ఒకటో నంబరు.

చెప్పలేదు.

జూన్ 21, శనివారం

మొదటినుంచీ రాస్తాను, ఒక్కటి కూడా వదలకుండా.

గ్రౌండ్ పర్మిట్ పది నుంచి పన్నెండు దాకా. పన్నెండింటికి వల కట్టిన కర్రలతో బంతాట ఆడే పిల్లలకి, లక్రోస్ టీమ్‌కి ఇచ్చారు. రెండు గంటలు అంటే బోలెడు టైమ్ అని రాజారావు అంకుల్ అనుకున్నాడు. మన సంఘంలో ఏ కార్యక్రమానికైనా ఒక పద్ధతి ఉంది, అది ఉగాదికైనా, రక్తదానానికైనా ఒకటే. ముందు జ్యోతి ప్రజ్వలన. గాలికి దీపం నాలుగుసార్లు ఆరిపోయింది. అయిదోసారి గొడుగు అడ్డం పెట్టి వెలిగించారు. తరవాత ప్రార్థన గీతం, మూడు చరణాలూ. తరవాత వేదిక మీదికి పెద్దలు. వేదిక అంటే పద్నాలుగు మడత కుర్చీలు, వెనక "చరిత్రాత్మక ప్రథమ మహిళా ఇరుగుపొరుగు కప్" అనే బ్యానరు. స్పాన్సర్ అయిన ఇళ్ల ఏజెంట్ గారు వడ్డీ రేట్లు ఇంకా తగ్గవని, ఇప్పుడే కొనుక్కోవాలని రెండు టీములకీ ఉద్బోధించాడు. తరవాత శాలువాలు.

మనం శాలువాలు కప్పితే నేపాల్ వాళ్లు ఊరుకుంటారా? వాళ్ల ప్రెసిడెంటు సంచీలోంచి పసుప్పచ్చటి పట్టు కండువాలు తీశాడు. మన పెద్దలందరికీ ఒక్కొక్కరికే వేశాడు, ఒక్కొక్కరితో ఫోటో దిగాడు. అది చూసి బంగ్లాదేశ్ ప్రెసిడెంటు ఫైనల్‌లో తమ టీమ్ లేకపోయినా రెండు మాటలు చెబుతానన్నాడు. ఇరవై నిమిషాలు. నాలుగు దేశాలవాళ్లూ ఒకే రకంగా వాచీలు చూసుకున్నారు, ఒకే రకంగా చప్పట్లు కొట్టారు. శ్రీలంక ఆయన లేచి, "ఇక ఆడుకోండి," అని కూర్చున్నాడు. అందరికంటే ఎక్కువ చప్పట్లు ఆయనకే.

మధ్యలో మైకులో, ముందు తెలుగులో, తరవాత ఇంగ్లీషులో, నా పేరు వినబడింది. "అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ని తన రెండు చేతులతో అడ్డుకున్న మన ఆడపడుచు, రాగిణి!" గ్లోవ్స్ వేసుకున్న చేతులు జోడించి, జూన్ ఎండలో శాలువా కప్పించుకున్నాను. నేపాల్ గోల్‌కీపర్ నన్ను ఆపాదమస్తకం చూసింది.

ఆట మొదలయ్యేసరికి పదకొండూ ఇరవై. రెఫరీ వాచీ చూసి, పదిహేను నిమిషాల చొప్పున రెండు సగాలు, అంతే అన్నాడు.

మొదటి సగంలో నిధి గోల్. రెండో సగం చివర్లో ప్రకృతి దూరంనుంచి ఊరికే కొట్టిన బంతి, అంత నెమ్మదైన బంతి, నా చేతుల్లోకి వచ్చింది. వచ్చి, జారి, కాళ్ల మధ్యనుంచి వెళ్లింది. వెనక్కి తిరిగి చూడనక్కర్లేదు. అవతలి అరుపులే చెప్పాయి. ఒకటి-ఒకటి.

పదకొండూ యాభై రెండు. విజిల్. లక్రోస్ పిల్లల తల్లిదండ్రులు గీత మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పార్కు మనిషి బండిలో వచ్చి ఆగాడు. రెఫరీ, "పెనాల్టీలు. అయిదు కాదు, మూడే. తేలకపోతే తలా ఒకటి. త్వరగా," అన్నాడు.

మా గుంపు మధ్యలో నిలబడి గ్లోవ్స్ విప్పాను. వెల్‌క్రో పట్టీ ఊడి రాలేదు. పళ్లతో లాగాను.

"మనీషా, ఇవి వేసుకో."

"ఏమాయెనక్కా? దెబ్బ తగిలిందా?"

"లేదు. నేనెప్పుడూ ఆడలేదు. కాలేజీలో ఒక్క మ్యాచ్ కూడా. నీళ్ల సీసాలు నింపేదాన్ని. నువ్వు స్టేట్ కీపర్‌వి, నాకు మొదటి రోజునుంచీ తెలుసు."

వదిన నోరు తెరిచింది. నిధి, "వెయిట్, వాట్?" అంది.

"పదేండ్లాయె నేను గోల్‌లో నిలబడి!" అంది మనీషా.

"నాకసలు మొదలే కాలేదు."

కోచ్ అంకుల్ నన్ను చూశాడు, గోల్ వైపు చూశాడు. నాకు తెలిసి ఆయన అటు చూడడం అదే మొదటిసారి. "ఇది ఇప్పుడా చెప్పేది? శాలువా కప్పినంక?" అన్నాడు. మళ్లీ వాచీ చూసుకున్నాడు. "ముచ్చట తర్వాత. మనీషా, తొడుక్కో. రెఫరీకి చెప్పుండ్రి, కీపర్ మారిందని."

నా మీద కోప్పడడానికి ఎవరికీ టైమ్ లేకుండా చేసింది రాజారావు అంకుల్ స్వాగతోపన్యాసమే.

నేపాల్ ముందు. మొదటిది గోల్. నిధి కూడా కొట్టింది. నేపాల్ రెండోది మనీషా ఎడమకి పడి అరచేత్తో నెట్టేసింది. గోల్‌లో నిలబడడం అంటే అదీ. వదిన కొట్టింది ఎగిరి లక్రోస్ వాళ్ల ఐస్‌బాక్సులో పడింది. ప్రకృతి గోల్. మనీషా తనే వచ్చి, గ్లోవ్స్‌తోనే, కొట్టింది. రెండు-రెండు. ఇక తలా ఒకటి. నేపాల్ నాలుగో అమ్మాయి గట్టిగానే కొట్టింది. మనీషా పొట్టలోకి లాక్కుంది, ఆ రోజు నీళ్లు తాగేటప్పుడు లాక్కున్నట్టే.

ఇప్పుడు మనం కొడితే కప్పు మనదే. కొట్టినవాళ్లు మళ్లీ కొట్టకూడదు. మిగిలిన నలుగురిలో ఒకామె లేసు కట్టుకుంటోంది, ఒకామె ఆకాశం చూస్తోంది, ఒకామెకి ఉన్నట్టుండి కాలు పట్టేసింది.

"నేను కొడతాను," అన్నాను.

వదిన నా జెర్సీ పట్టుకుంది. "పెనాల్టీ ఎప్పుడైనా కొట్టావా?"

"లేదు వదినా."

"ఇది నిజమేనా?"

"నిజమే."

"సరే, పో."

బంతి దగ్గరికి నడిచాను. డేటా సెంటర్ల హోరు తప్ప ఏమీ వినబడలేదు. నేపాల్ గోల్‌కీపర్ రెండు చేతులూ చాచి, మోకాళ్లు వంచి, నన్ను భయంగా చూస్తోంది. మైకులో విన్న అమెరికా కాలేజీ ప్లేయర్‌ని చూస్తోంది. పరిగెత్తాను. నా బూటు ముందు నేలకి తగిలింది, తరవాత బంతికి. అప్పటికే ఆ అమ్మాయి పిడుగులాంటి కిక్ కోసం ఎడమ మూలకి గాల్లో ఎగిరి ఉంది. బంతి కుడివైపు దొర్లింది. దొర్లుతూ ఉంది. ఆ అమ్మాయి పడింది, లేచింది, పాకింది. బంతి తీరుబడిగా గీత దాటి, నెట్ దాకా కూడా వెళ్లలేక, ఆగిపోయింది.

తరవాత ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు, మనుషుల అడుగున ఉన్నాను.

పన్నెండు అయింది కనక కప్పు పార్కింగ్ లాట్‌లో ఇచ్చారు. నాగమల్లేశ్వరి ఆంటీ వ్యాన్ డోర్ తెరిచి నాలుగు దేశాలకీ వడ్డించింది. ప్రకృతి మోమోల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, అంత మోసపు కిక్ ఎక్కడ నేర్చుకున్నావని హిందీలో అడిగింది. ఎక్కడా నేర్చుకోలేదని, ఉన్నది ఉన్నట్టు మొత్తం చెప్పాను. తను నవ్వి నవ్వి వాళ్ల గోల్‌కీపర్‌ని పిలిచి మళ్లీ చెప్పించింది. ఆ అమ్మాయి నవ్వలేదు. న్యాయమే.

మనీషా ఒక పక్కన కారు బానెట్‌కి ఆనుకుని పులిహోర తింటోంది. వెళ్లి సారీ చెప్పాను.

"నేను నీ ముందర నిలబడి లెక్కబెట్టుకున్నా," అంది. "నాలుగు, ఒకటి, ఒకటి, ఒకటి. ఏడు గోల్స్. నేనుంటే రెండు పడేవి."

"అవును."

"చానా కోపం వస్తాంది నీ మీద."

"రావాలి."

ఇన్నాళ్లూ మీరు అనేది. ఇవాళ నువ్వు అంది. శిక్షగానే అన్నట్టుంది, నాకు మాత్రం హాయిగా ఉంది. ఇంకో ముద్ద తింది. "ఆ కిక్కు..." అని మొదలుపెట్టి, నవ్వు ఆగక పులిహోర పొలమారి, నేనే నీళ్ల సీసా తెచ్చి ఇవ్వాల్సొచ్చింది.

కోచ్ అంకుల్ ఇద్దరి దగ్గరికీ వచ్చాడు. కప్పు చంకలో ఉంది, మొహం మాత్రం గంటు పెట్టుకుని ఉంది. "మల్లొచ్చే శనివారం పొద్దుగాల ఏడింటికి రా. కింద పడుడు నేర్పిస్త. గదే రాకుండ గోల్‌ల నిలబడ్డవ్, పండ్లు రాలకపోవుడు నీ అదృష్టం. మనీషా, నువ్వు గూడ రా, నేను సూపియ్యలేను, నడుము."

కార్లో మూడో సిగ్నల్ దగ్గర వదిన, "మీ అన్నయ్యకి తెలుసా?" అంది.

"తెలుసు."

ఇంటికి రాగానే గరాజ్‌లో ఎదురొచ్చిన అన్నయ్య, కప్పు గెలిచామని చెప్పేలోపే, రెండు నెలల బాకీ అంతా నా తరఫున తిట్లు తిన్నాడు. నేను మెల్లగా పైకి వచ్చేశాను.

జూన్ 23, సోమవారం

సంఘం వాట్సాప్‌లో రాజారావు అంకుల్ వివరణ పెట్టాడు. "రాగిణి గత వివరాల విషయంలో స్వల్ప సవరణ." కింద నలభై ఏడు నవ్వులు. నాగమల్లేశ్వరి ఆంటీ మాత్రం ఫోన్ చేసి, "శాలువా తిరిగి ఇవ్వకు, మా ఇంట్లో ఇంకా ఇరవై ఉన్నాయి," అంది.

జూన్ 28, శనివారం

ఏడింటికి వెళ్లాను. గడ్డి తడిగా ఉంది. మనీషా తన గ్లోవ్స్ తనే కొనుక్కుంది, పచ్చవి. నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టింది. ముందు మోకాళ్ల మీదనుంచే పక్కకి పడాలట. ముందు తొడ, తరవాత నడుం, తరవాత భుజం. మోచెయ్యి ఎప్పుడూ కింద పెట్టకూడదట. మోచెయ్యి పెట్టాను.

"మల్లా."

కోచ్ అంకుల్ మడత కుర్చీలో కూర్చుని విజిల్ ఊదుతాడు, నేను పడతాను. పది దాటాక లెక్క మర్చిపోయాను. ఒకసారి బంతి చేతుల్లో ఉండగానే పడ్డాను, పడ్డాక కూడా చేతుల్లోనే ఉంది. మనీషా ఈసారి మల్లా అనకుండా ఇంకో బంతి తీసింది. నాకు ఇంతకంటే మెచ్చుకోలు గుర్తులేదు.

నడుం కుడివైపు వంకాయ రంగులోకి తిరిగింది. ఎడమవైపు పడడం ఇంకా రాలేదు. మధ్యాహ్నం తలుపు వేసుకుని, కార్పెట్ మీద దిండు పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, ఎడమవైపుకి పడ్డాను. తొడ, నడుం, భుజం.

కిందనుంచి వదిన, "ఏంటే ఆ చప్పుడు?" అని అరిచింది.

"పడ్డాను వదినా!"

"దెబ్బ తగిలిందా?"

"లేదు. మళ్లీ పడతాను, కంగారుపడకు!"